పదికి పది

తెల్ల గౌను అంచు మీద ఎర్ర చుక్క కనపడ్డాకే టైలరుకి తెలిసింది, తన వేలికి సూది దిగిందని. ఎడమచేతి చిటికెన వేలు. ఎప్పుడు దిగిందో తెలియదు. మొదటి చుక్కకి జానెడు దూరంలో రెండోది ఉంది. అంటే రక్తం కారే వేలితోనే జానెడు హెమ్మింగు వేసేశాడు.

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని అతనికి తెలుసు. తెల్లదారం మూరెడు తెంపి, నోట్లో వేసుకుని నమిలి, ఆ తడి ఉండతో మరక మీద అద్దాలి. ఎవరి రక్తం వాళ్ల ఉమ్మితోనే పోతుందని పని నేర్పిన గురువు చెప్పాడు. నీళ్లు తగిలితే మరక పాకుతుంది. అతను నములుతూ ఉండగానే వెనకనుంచి షాపామె వచ్చింది.

షాపులో ఉండేది ఇద్దరే. ముందు కౌంటరు దగ్గర షాపామె బట్టలు తీసుకుంటుంది, ఇస్తుంది. అద్దాల తలుపు అవతల టైలరు. కొత్త బట్టలు కుట్టే పని కాదు. పొడుగైనవి కురచ చెయ్యడం, బిగుతైనవి వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. ఆ దేశపు భాష అతనికి కొలతల వరకు వచ్చు. "రేపు ఇస్తాను", "ఇంకో అంగుళం లేదు, బట్ట చాలదు" వరకు బాగానే వచ్చు.

"ఏమిటది?" అంది షాపామె.

"నీళ్లు."

"మీ దేశంలో నీళ్లు ఎర్రగా ఉంటాయా?"

ఆమె వంగి గౌను చూసింది. ఇంకా వంగి అతని నోటి దగ్గర వాసన చూసింది.

"తాగలేదు," అన్నాడతను.

"తాగలేదని తెలుస్తూనే ఉంది. మరి ఏమిటి? ఈ నెలలో ఇది మూడో బట్ట. నీకు ఏదో ఉంది. డాక్టరుకి చూపించుకుని చీటీ తీసుకురా. చీటీ లేకుండా వచ్చే సోమవారం రావద్దు."

అద్దాల తలుపు మూసుకున్నాక టైలరు చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దాకా మడిచాడు. వెంటనే దించేశాడు. అక్కడున్నది అక్కడే ఉంది.

ముంజేతి బయటి వైపున మచ్చ. రెండేళ్ల కిందట కోటు బొత్తామంత ఉండేది. ఇప్పుడు అరచెయ్యంత. అంచు ఎర్రగా లేచి ఉంటుంది, మధ్యన పాలిపోయి ఉంటుంది. అక్కడ వెంట్రుకలు లేవు. ఎండాకాలంలో ఒళ్లంతా చెమటలు కారినా ఆ మచ్చ మాత్రం పొడిగా ఉంటుంది. మొదట్లో ఇస్త్రీ పెట్టె ఆవిరి తగిలిందనుకున్నాడు. ఒకరోజు షాపులో ఎవరూ లేనప్పుడు గుండుసూది తీసి మచ్చ మధ్యన గుచ్చాడు. సూది దిగుతూ ఉంటే వేరేవాళ్ల చొక్కాకి గుచ్చుతున్నట్టుంది. ఆ రోజే దాని పేరు తెలిసింది. తెలిసింది కానీ నోటి దాకా రానివ్వలేదు.

చిన్నప్పుడు పెదనాన్న వెనక వసారాలో ఉండేవాడు. ఆయన కంచం అంచుకి మేకుతో గీత గీసి ఉండేది, కలిసిపోకుండా. పిల్లలు అటు పోతే వీపు చిట్లేది. ఆయన వేళ్లు లోపలికి ముడుచుకుని ఉండేవి, ఎప్పుడూ ఏదో దాచి పట్టుకున్నట్టు. పెళ్లి చూపులకి వచ్చినవాళ్లు "వెనక ఎవరుంటారు?" అంటే "పాత సామాను" అనేవారు. పెద్దరోగం అని ఇంట్లో ఎవరూ అనలేదు. ఆయన పోయాక కూడా అనలేదు.

ఆరు నెలలుగా టైలరు తన గ్లాసు పిడికి ఎర్రదారం చుట్టి పెట్టుకున్నాడు. రాత్రిళ్లు హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు. నడుం నొప్పి అని పెళ్లాంతో చెప్పాడు. మూడో తరగతి చదివే కూతురు మెడకి వేలాడబోతే "చేతులకి నూనె ఉందమ్మా, మిషను నూనె" అని పక్కకి జరుగుతున్నాడు.

డాక్టరంటే అతనికి భయం లేదు. డాక్టరు వెనకాల ఉండే కంప్యూటరంటే భయం. ముగ్గురూ ఈ దేశంలో శాశ్వతంగా ఉండడానికి పెట్టుకున్న కాగితాలు ఆఫీసులో ఉన్నాయి. ఇంకో అయిదు నెలల్లో మెడికల్‌కి, అంటే ఆ ఆఫీసు పెట్టే ఒంటి పరీక్షకి, పిలుస్తారు. ఆ కంప్యూటరులో తన పేరు పక్కన ఆ పేరు ఎక్కిందంటే ముగ్గురినీ ఒకే విమానం ఎక్కిస్తారు. చెప్పకపోతే చెయ్యి పోతుంది. ఎడమచెయ్యి పోయిన టైలరు దేనికీ పనికిరాడు, ఏ దేశంలోనైనా. ఈ రెండింటి మధ్య అతను రెండేళ్లుగా కూర్చుని జిప్పులు మారుస్తున్నాడు.

వీళ్లకంటే ముందు వచ్చి కాగితాలు తెచ్చుకున్న బావ, అంటే పెళ్లాం అన్నయ్య, వేరే ఊళ్లో ఉంటాడు. ఫోన్‌లో సలహాలిస్తాడు. ఆయన సూత్రం ఒక్కటే.

"చూడు బావా, డాక్టరు గది, ఆఫీసరు గది ఒకటే అనుకో. మధ్యలో తలుపు ఉంటుంది, నీకు కనపడదు. అడిగినదానికల్లా లేదు అను. పరీక్ష పెడితే పాసవ్వు. నేను చెవుల పరీక్షలో వినపడని వాటికి కూడా చెయ్యెత్తాను తెలుసా? ఫస్టు క్లాసు."

ఆ సూత్రం పట్టుకునే టైలరు ఇక్కడి దాకా వచ్చాడు. కళ్ల పరీక్ష, గుండె ఫొటో, భాష పరీక్ష, అన్నీ మొదటిసారే పాసయ్యాడు.

*

చర్మం డాక్టరు వయసులో చిన్నది. బల్ల మధ్యన ఫోన్ పెట్టి ఏదో నంబరు నొక్కింది. కాసేపటికి ఫోన్‌లోంచి తెలుగు వచ్చింది.

"నమస్కారమండీ. నేను అనువాదం చేసేదాన్ని. డాక్టరుగారు అన్నది మీకు, మీరు అన్నది డాక్టరుగారికి చెప్తాను. ఏదీ కలపను, ఏదీ తియ్యను. నా పేరు మీకు చెప్పకూడదు. మీ వివరాలు నేను ఎక్కడా చెప్పకూడదు."

టైలరు ఫోన్ వంక చూశాడు. పేరు చెప్పని మనిషికి అన్ని పేర్లూ తెలిసి ఉంటాయి. పైగా ఈ గొంతు ఎక్కడో విన్నాడు. ఆ సాగదీయడం, "అండీ" దగ్గర ఆగడం. పోయిన నెల షాపుకి నాలుగు జాకెట్లు తెచ్చి "రెండించీలు వదులు చెయ్యాలండీ" అన్న ఆవిడ గొంతు ఇలాగే ఉంది. ఆవిడకి తెలియని తెలుగువాళ్లు ఆ ఊళ్లో లేరు.

"ఏం పని చేస్తారండీ?"

ఆ ఊళ్లో తెలుగు టైలరు ఒక్కడే. టైలరు అంటే పేరు చెప్పినట్టే.

"కూరగాయల గోడౌనులో."

"బరువులు ఎత్తుతారా?"

"ఎత్తుతాను. పెట్టెలు."

"ఇంట్లోవాళ్లకి గానీ, మీ పెద్దవాళ్లలో ఎవరికైనా గానీ ఇలాంటి మచ్చలు, తిమ్మిర్లు ఉండేవా?"

"లేదు."

"మచ్చ మీద స్పర్శ ఎలా ఉంది?"

"బాగుంది."

డాక్టరు అతని చెయ్యి బల్ల మీద పెట్టించింది. ప్లాస్టిక్ పుల్లకి చివర నైలాను పోగు ఉన్న పరికరం తీసింది. అరవయ్యో నంబరు దారం కంటే సన్నం, అనుకున్నాడు టైలరు.

"కళ్లు మూసుకోవాలండీ. ఈ పోగు మీ చేతికి ఎక్కడ తగిలితే అక్కడ రెండో చేతి వేలితో చూపించాలి. మొత్తం పదిసార్లు."

అతను కళ్లు మూసుకున్నాడు. పూర్తిగా మూసుకోలేదు. రెప్పల మధ్య కాజాకి వేసే గాటంత సందు ఉంచాడు. ఆ సందులోంచి పోగు రావడం, వంగడం, లేవడం కనపడింది. మచ్చ మధ్యలో వంగితే అక్కడ వేలు పెట్టాడు. చిటికెన వేలి మీద వంగితే అక్కడ పెట్టాడు. తడుముకున్నట్టు కొంచెం ఆలస్యం చేస్తూ మరీ పెట్టాడు.

"పదికి పది అంటున్నారండీ," అంది గొంతు.

డాక్టరు కాగితం మీద రాసుకుంది. రాస్తూ ఒకసారి అతని వంక, ఒకసారి చేతి వంక చూసింది. స్పర్శ ఉంది కాబట్టి తామర అయి ఉండొచ్చంది. పూత మందు ఇచ్చింది. వేళ్ల తిమ్మిరి పెట్టెలు ఎత్తడం వల్ల కావచ్చంది. ఆరు వారాల తర్వాత రమ్మంది. టైలరు చీటీ తీసుకుని మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా పడ్డాయి. పదికి పది. బడిలో కూడా ఎప్పుడూ రాలేదు.

చీటీ షాపామెకి ఇచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"కూరగాయల పెట్టెలు ఎత్తకూడదని రాసింది."

టైలరు మెడలోని టేపు తీసి చుట్టసాగాడు.

"ఏ కూరగాయలు? నా దగ్గర కాక ఇంకో చోట కూడా పని చేస్తున్నావా? అందుకా నిద్రమొహంతో వచ్చి బట్టల మీద రక్తం పోస్తున్నావు?"

"లేదు."

"డాక్టరు అబద్ధం రాసిందా?"

టైలరు అద్దాల తలుపు తోసుకుని మిషను దగ్గరికి వెళ్లాడు. సాయంత్రం అతను బయలుదేరాక షాపామె అతని ఇంటికి ఫోన్ చేసి, పెళ్లాన్ని అడిగింది, మీ ఆయన గోడౌనులో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పని చేస్తాడని.

*

పెళ్లాం బేకరీలో ప్యాకింగు పని చేస్తుంది. లెక్క ప్రకారం పెట్టెలో పన్నెండు ఉండాలంటే పన్నెండే ఉండాలి. ఒకటి తగ్గితే ఆమె చేతికే తెలిసిపోతుంది. అతను తలుపు తీసేసరికి వంటింటి బల్ల మీద మూడు వస్తువులు వరసగా పెట్టి కూర్చుంది. ఎర్రదారం గ్లాసు, సోఫా దుప్పటి, కత్తెర్ల డబ్బాలో దొరికిన పూత మందు ట్యూబు.

"ఎవరండీ ఆవిడ?" అంది.

"ఎవరావిడ?"

"అదే నేనూ అడుగుతున్నా. ఆరు నెలలుగా సోఫా మీద పడక. వేరే గ్లాసు. ఇప్పుడు ఒంటికి పూతలు. గోడౌను ఒకటి పుట్టుకొచ్చింది. కూరగాయలు కొనుక్కురమ్మంటే వంకాయకి బదులు దోసకాయ తెస్తారు, మీకు గోడౌను ఎవరిచ్చారండీ?"

అతనికి నవ్వొచ్చింది. రెండేళ్లలో అతనికి రాని అనుమానం అదొక్కటే.

"నవ్వుతున్నారా? పాప పక్కగదిలో ఉంది కాబట్టి సరిపోయింది."

"ఎవరూ లేరు. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, ఆవిడ మీదే పెట్టుకోండి." ఆమె అతని చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకోబోయింది. ఆగింది. అరచేతి అంచున, చిటికెన వేలికి కింద, గుండుసూది తల మెరుస్తోంది. బట్టకి బొత్తాం అతికినట్టు సూది చేతికి అతికి ఉంది.

ఆమె రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. అరంగుళం సూది బయటికొచ్చింది. అతను ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఇంకా ఆ ఆడమనిషి సంగతే మాట్లాడుతుందని.

"నొప్పి లేదా?"

"దేనికి?"

ఆమె సూది చూపించింది.

"లేదు," అన్నాడు.

రెండేళ్లలో అతను చెప్పిన లేదుల్లో నిజం అదొక్కటే. ఆ తర్వాత మిగతాది ఆపడం అతని వల్ల కాలేదు. చొక్కా చెయ్యి మడిచి మచ్చ చూపించాడు. పెదనాన్న సంగతి చెప్పాడు, కంచం మీద గీత సంగతి చెప్పాడు. ఆమె కదలకుండా విన్నది. విన్నాక గ్లాసు చేతిలోకి తీసుకుని దారం చుట్టూ తిప్పింది.

"పాప రోజూ పాలు దేంతో తాగుతుందో తెలుసా మీకు?"

అతను తల ఎత్తాడు.

"దీంతోనే. మీరు పొద్దున్నే వెళ్లిపోతారుగా. ఎర్రదారం గ్లాసు కావాలని పేచీ పెడుతుంది. నాన్న గ్లాసట."

టైలరు కుర్చీలో కూర్చుండిపోయాడు. పక్కగదిలో కూతురు ఆ దేశపు భాషలో ఎక్కం చదువుతోంది.

"నేనూ వస్తున్నా డాక్టరు దగ్గరికి," అంది ఆమె.

"వస్తే రా. మాట్లాడకు. అడిగితే లేదు అను. కాగితాలు పోతే..."

"మా అన్నయ్య పాఠం నాకు చెప్పకండి. చిన్నప్పుడు పరీక్షల్లో వాడు చూసి రాసింది నా పేపర్లోనే."

*

పెళ్లాం ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇచ్చిన తేదీకి ముందు డాక్టరు దొరకలేదు. ఆరు వారాలు పూత పూసినా మచ్చ అంగుళం కూడా తగ్గలేదు. డాక్టరు దాన్ని స్కేలుతో కొలిచి, పాత కాగితం పక్కన పెట్టుకుని, ఫోన్ నొక్కింది.

"నమస్కారమండీ," అంది అదే గొంతు. లేదా అలాంటి గొంతు. టైలరు పెళ్లాం చెవిలో "రెండించీల ఆవిడ" అన్నాడు. ఆమె "హుష్" అంది.

డాక్టరు ఈసారి మచ్చ సంగతి ఎత్తలేదు.

"గోడౌనులో ఏమేం కూరగాయలు ఉంటాయండీ?"

ఇదేం ప్రశ్న? తలుపు అవతల ఆఫీసరు కూర్చుని అడిగిస్తున్నాడా?

"ఉల్లిపాయలు," అన్నాడు టైలరు.

"ఇంకా?"

"ఉల్లిపాయలే."

డాక్టరు అతని ఎడమచెయ్యి వెలుతురులోకి తిప్పింది. చిటికెన వేలి కొస మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు. వేలి పక్కన ఎండిన కాలిన గాయం, ఇస్త్రీ పెట్టె ముక్కు ఆకారంలో. ఉల్లిపాయలు కాల్చవు, గుచ్చవు. ఆ సంగతి ఆమె నోటితో అనలేదు. చూపు మాత్రం అక్కడినుంచి తియ్యలేదు.

"మా ఆయన టైలరండీ," అంది పెళ్లాం ఫోన్ వైపు వంగి.

గొంతు ఆ మాటని ఆ దేశపు భాషలోకి మార్చింది. గుట్టు తెలిసిన సంతోషం గానీ, ఆశ్చర్యం గానీ అందులో లేవు. టైలరు వెతికాడు, దొరకలేదు.

డాక్టరు పాత కాగితం మీద వేలు పెట్టి ఏదో అంది.

"పోయినసారి మీకు పదికి పది వచ్చాయి. ఆ రోజు నుంచీ అదే అనుమానంగా ఉందంటున్నారండీ. చెయ్యి బాగున్నవాళ్లు కూడా పదిలో ఒకటో రెండో తప్పు చూపిస్తారట. పోగు అంత సన్నం. ఒక్కటీ తప్పకుండా చూపించేది చూస్తున్నవాళ్లేనట."

పరీక్షలో తప్పి దొరికిపోయినవాళ్లని టైలరు చూశాడు గానీ, మార్కులు ఎక్కువ వచ్చి దొరికిపోయినవాణ్ణి ఎక్కడా చూడలేదు.

"కళ్లు మూసుకుంటాను," అన్నాడు. "ఈసారి గట్టిగా."

"అక్కర్లేదు," అంది పెళ్లాం. చున్నీ తీసి నాలుగు మడతలు వేసింది. అతని కళ్ల మీద పెట్టి వెనక్కి ముడివేసింది. ఒకసారి లాగి చూసి ఇంకో ముడి వేసింది.

చీకటి. చున్నీకి బేకరీ వాసన ఉంది. టైలరు ఎడమచెయ్యి బల్ల మీద పెట్టుకుని, కుడిచేతి చూపుడు వేలు సిద్ధంగా పైకెత్తి కూర్చున్నాడు. గోడ గడియారం చప్పుడు వినపడుతోంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఇప్పుడు మొదలుపెడతారు అనుకున్నాడు. చేతి మీద గాలి కూడా లేదు. డాక్టరు ఇంకా ఏదో రాసుకుంటున్నట్టుంది. పెళ్లాం ముక్కు ఎగపీల్చింది.

"మొదలుపెట్టమనండి," అన్నాడు.

గొంతు అడిగింది. డాక్టరు జవాబు చెప్పింది. గొంతు వెంటనే తెలుగులోకి మార్చలేదు. ఏదీ కలపను, ఏదీ తియ్యను అన్న మనిషి.

"ఇప్పటికి ఏడుసార్లు ముట్టుకున్నారండీ."

అతను ఎత్తిన వేలు అలాగే గాలిలో ఉంది. కాసేపటికి దించాడు.

డాక్టరు చున్నీ విప్పమనలేదు. అతని మోచేతి వెనక, ఎముక పక్కన, వేళ్లు పెట్టి నొక్కింది. అక్కడ మాత్రం అతను అదిరిపడ్డాడు. కరెంటు పాకినట్టు పాకింది. పెళ్లాం వేళ్లు కూడా పట్టుకుని అక్కడ పెట్టించింది. చర్మం కింద బొందుతాడంత లావున నరం జారుతోంది. కుడి మోచేతి దగ్గర పెట్టించింది. అక్కడ సన్నగా ఉంది.

కట్టు విప్పాక డాక్టరు మాట్లాడింది. గొంతు చెప్పింది. "కుష్టువ్యాధి అంటున్నారండీ." కూరగాయలు అన్న మాట ఎలా అందో ఇదీ అలాగే అంది. ఆ మాట అంత మామూలుగా వినడం టైలరుకి అదే మొదటిసారి.

మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. అది రూఢి అయ్యాక మాత్రలు, ఏడాది పాటు. నరం వాపుకి వేరే మాత్ర. మందు మొదలైన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటే భయం ఉండదు. విడిగా గ్లాసు అక్కర్లేదు. పడక అక్కర్లేదు.

"చెయ్యి?" అన్నాడు.

"ఉన్నది నిలబెట్టొచ్చు అంటున్నారు. పోయిన స్పర్శ కొంత రావచ్చు, రాకపోవచ్చు. పోయినసారే తెలిసి ఉంటే మంచిదట."

ఆరు వారాలు. పదికి పది తెచ్చుకున్న ఆరు వారాలు. అతను ఆ లెక్క మనసులో వేసుకుని, అసలు అడగాల్సింది అడిగాడు.

"కాగితాలవాళ్లకి చెప్తారా?"

డాక్టరుకి మొదట ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగించుకుంది. లెక్క కోసం ఆరోగ్యశాఖకి ఒక ఫారం వెళ్తుంది, కాగితాల ఆఫీసుకి వెళ్లదు అంది. మెడికల్‌లో అక్కడి డాక్టరు అడుగుతాడు. మందు వాడుతున్నానని చెప్పి తన ఉత్తరం చూపిస్తే అడ్డు లేదు. మందు వాడకుండా, దాచి, దొరికితేనే ఆపుతారు.

టైలరు ఆమె మొహం చూశాడు. ఫోన్ వంక చూశాడు. గది గోడలు చూశాడు, ఎక్కడైనా రెండో తలుపు ఉందేమోనని. బట్టల బీరువా ఒకటి ఉంది.

"నమ్మొచ్చంటావా?" అన్నాడు పెళ్లాంతో.

"నమ్మకండి. మాత్ర మాత్రం మింగండి."

*

మొదటి మోతాదు ఆసుపత్రిలోనే, నర్సు ఎదురుగా మింగాలి. నెలకొకసారి అలా. నాలుక ఎత్తి కూడా చూసింది నర్సు. ఇక్కడ అనుమానం నాకొక్కడికే కాదు అనుకుని టైలరు కొంచెం సర్దుకున్నాడు. మూత్రం ఎర్రగా వస్తుందని ఫోన్‌లో గొంతు రెండుసార్లు చెప్పింది. అయినా సాయంత్రం బాత్రూములోంచి "ఏమేవ్!" అని కేక పెట్టాడు.

పెళ్లాం తలుపు బయటినుంచి, "ఎర్రగా ఉందా? మందు పనిచేస్తోంది. బయటికి రండి," అంది.

బావకి సంగతి చెప్పారు. "ఒప్పుకున్నావా? ఎంత పని చేశావ్ బావా! లేదు అనమన్నానా లేదా?" అని ఆయన మొదలుపెట్టాడు. పెళ్లాం ఫోన్ లాక్కుంది.

"అన్నయ్యా, వినపడని వాటికి చెయ్యెత్తావుగా. ఇప్పుడు వినపడుతోందా? పెట్టెయ్."

వారం తర్వాత ఇంట్లోవాళ్లని పరీక్ష చేశారు. పెళ్లాం ఒంటి మీద ఏమీ లేదు. కూతురి వంతు వచ్చింది. పిల్లకి మచ్చ లేదు. అయినా పోగు తీసింది డాక్టరు.

"కళ్లు మూసుకుంటాను నాన్నా," అంది పిల్ల.

"వద్దు." టైలరు పెళ్లాం చున్నీ అడిగి తీసుకున్నాడు. మడతలు తనే వేశాడు, ముడి తనే వేశాడు. కింద సందు ఉందేమోనని వంగి చూశాడు.

పిల్ల టకటకా చూపించింది. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. ఆరోసారి పోగు మణికట్టు మీద వంగింది. పిల్ల వేలు కదల్లేదు. టైలరు ఊపిరి కూడా కదల్లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది సరిగ్గా చూపించింది. ఆరోది డాక్టరు ఇంకోసారి వంచింది. "ఇక్కడే! ఇందాక చక్కిలిగిలి అనుకున్నా," అంది పిల్ల.

"తొమ్మిదండీ," అంది గొంతు. "ఇలాగే ఉండాలంటున్నారు."

ఆ సాయంత్రం పెళ్లాం గ్లాసు పిడికున్న ఎర్రదారం తెంపబోయింది. పిల్ల ఏడ్చింది. దారం ఉంచేసి గ్లాసు పిల్లకి ఇచ్చేశారు.

షాపామెకి కొత్త చీటీ ఇచ్చాడు. అందులో చేతి నరం జబ్బు అని ఉంది, కూరగాయలు లేవు. ఆమె రెండు వైపులా తిప్పి చూసి, లైటుకి ఎత్తి చూసి, సొరుగులో పెట్టింది. తెల్లబట్టలు మాత్రం తనకి చూపించాకే కవర్లో పెట్టమంది.

ఆసుపత్రిలో చేతులకి వ్యాయామం నేర్పే ఒకాయన ఉన్నాడు. చిటికెన వేలికి, పక్క వేలికి తోలు తొడుగులు ఇచ్చాడు. ఒకటే మాట పదే పదే చెప్పించాడు గొంతు చేత.

"ఆ చెయ్యి ఇంక మీకు కబురు చెప్పదండీ. మీరే చూస్తూ ఉండాలి. సూది పట్టినా, ఇస్త్రీ పెట్టె పట్టినా, దాని మీదనుంచి కన్ను తియ్యకూడదు."

ఆ రోజు రెప్పల సందులోంచి చూసి చేతిని పోగొట్టుకున్నాడు, ఇప్పుడు ఆ చూడడమే మందుగా రాసిచ్చారు. టైలరు ఫోన్ వంక అనుమానంగా చూశాడు. గొంతు ఎగతాళి చేస్తున్నట్టు లేదు.

*

మెడికల్‌కి పిలుపు వచ్చింది. అప్పటికి మూడు నెలల మాత్రలు అయ్యాయి. మచ్చ అంచు అణిగింది. ఒళ్లు కొంచెం నల్లబడింది. డాక్టరు ఉత్తరం చొక్కా లోపలి జేబులో ఉంది. ఆ జేబు అతనే కుట్టుకున్నాడు, ఉత్తరం కొలతకి.

ఆ గదిలో డాక్టరు, వయసులో పెద్దాయన. ఒక కంప్యూటరు, ఒక ఫోన్. పెళ్లాం, కూతురు బయట బెంచీ మీద ఉన్నారు.

"నమస్కారమండీ."

ఆ గొంతే. ఇక్కడ కూడా. డాక్టరు గది, ఆఫీసరు గది ఒకటేనన్న బావ మాట చెవిలో మోగింది.

"ఏం పని చేస్తారండీ?"

ఫోన్‌లో ఊపిరి వినపడుతోంది. ఆమెకి తెలుసు. ఆమె చెప్పదు. అతను చెప్పిందే చెప్తుంది, ఉల్లిపాయలంటే ఉల్లిపాయలే.

"టైలర్ని."

"జబ్బులు ఏమైనా ఉన్నాయా? మందులు వాడుతున్నారా?"

లేదు అన్న మాట నాలుక చివర కూర్చుని ఉంది. రెండేళ్లుగా అక్కడే కూర్చుంది. టైలరు తన ఎడమచెయ్యి వంక చూశాడు. చూస్తూ ఉండమన్నారు కదా. బల్ల అంచు మీద ఉంది, తోలు తొడుగులతో. అది బల్లని పట్టుకుని ఉందని కన్ను చెప్తే తెలిసింది.

"ఉంది," అన్నాడు. "కుష్టు. మూడు నెలలుగా మాత్రలు వేసుకుంటున్నాను. ఉత్తరం తెచ్చాను."

గొంతు చెప్పింది. పెద్దాయన చెయ్యి చాపాడు. ఉత్తరం చదివాడు. కంప్యూటరులో ఏదో కొట్టాడు. టైలరు ఆయన వేళ్లు లెక్కపెడుతున్నాడు, ఎన్ని అక్షరాలు పడుతున్నాయోనని. పెద్దాయన ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి, కాగితం మీద ముద్ర కొట్టి, ఏదో అన్నాడు.

"ఏమన్నారు?"

"మందు మధ్యలో మానొద్దన్నారండీ. తర్వాత కళ్ల పరీక్ష."

"అంతేనా? కాగితాలు?"

గొంతు అడిగింది. "దీనివల్ల ఆగవంటున్నారు. ముందు కళ్ల పరీక్ష కానివ్వండి, బయట చాలామంది ఉన్నారట."

టైలరు తలుపు వైపు చూశాడు. తలుపు ఒక్కటే ఉంది. అవతల బెంచీ మీద పిల్ల కాళ్లు ఊపుతున్న చప్పుడు వస్తోంది.

గోడ మీద అక్షరాల అట్ట. ఎడమ కన్ను ఎడమ అరచేత్తో మూసుకుని చదవాలి. టైలరు తొడుగులు తీసి చెయ్యి కంటి మీద పెట్టుకున్నాడు. నాలుగు వరసలు చదివాడు. అయిదో వరస దగ్గర ఆగాడు. చిటికెన వేలు పక్కవేలికి ఆనడం మానేసి చాలా నెలలైంది. వాటి మధ్య సందులోంచి మూసిన కంటికి అట్ట కనపడుతోంది.

ఎవరూ చూడలేదు. పెద్దాయన కంప్యూటరు వంక తిరిగి ఉన్నాడు. ఫోన్‌కి కళ్లు లేవు.

"ఆగండమ్మా," అన్నాడు టైలరు. "వేళ్ల సందులోంచి కనపడుతోంది. అడ్డం పెట్టుకోవడానికి ఏదైనా అట్టముక్క ఇమ్మనండి."